చూసివచ్చిన చోటు: వెర్దోన్ లోయ అడుగున ఒక పగలు

సున్నపురాయితో మన ఇళ్ళలో పరిచయం తాంబూలంతో మొదలై గోడల వెల్లతో ఆగిపోతుంది. కాస్త తిరిగే అలవాటున్నవారైతే బొర్రా గుహలు చూసి ఉంటారు. కొరాపుట్, జయపురం వైపు ఉన్నవారు శివరాత్రికి గుప్తేశ్వరం వెళ్ళి ఉంటారు. రాయలసీమలో చుట్టాలున్నవారు బెలుం గుహల్లోకి దిగి చెమటలు కక్కి ఉంటారు. మూడుచోట్లా జరిగింది ఒకటే: సున్నపురాయిని నీరు మెల్లమెల్లగా తినేసింది. అయితే ఆ మూడింటికీ పైకప్పు ఉంది. పైకప్పు లేకుండా, ఇరవై అయిదు కిలోమీటర్ల పొడుగున, కొన్నిచోట్ల ఏడువందల మీటర్ల లోతున ఒక నది అదే రాయిని కోసుకుంటూ పోతే ఎలా ఉంటుందో ఈసారి చెబుతాను. చోటు ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ మూల. నది పేరు వెర్దోన్. ఆ చివరి ‘న’ను ముక్కులో దాచెయ్యాలి, అది మనకు ఒక పట్టాన రాదు.

బరంపురం వాడికి ఫ్రాన్సు ఏమిటని అడిగే పాఠకుల కోసం ఒక్క ముక్క. మా ఆవిడ పుట్టిల్లు యానాం. ఫ్రెంచివారు 1954లో యానాం వదిలారు. ఒప్పందం 1956లో జరిగి 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. ఆ తర్వాత ఆరునెలల్లోగా కోరుకున్నవారు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చన్నారు. ఆవిడ చిన్నాన్నగారు ఉంచుకున్నారు. అలా ఆ శాఖ మార్సెయ్ చేరింది. యానాంలో ఇలాంటి శాఖ ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి కనుక ఈ వ్యాసం కొందరికైనా ప్రయాణానికి పనికివస్తుందనుకుంటున్నాను. క్రిందటి సెప్టెంబరులో మేం వెళ్ళింది ఆ చిన్నాన్నగారి మనవరాలి ఇంటికి. నాకు మేనకోడలి వరస, ‘మావయ్యా’ అంటుంది. ఆమెకు పదేళ్ళ కొడుకు.

నది గురించి ముందు చెప్పుకుందాం. వెర్దోన్ ఆల్ప్స్ కొండల్లో, అల్లోస్ కనుమ దగ్గర పుడుతుంది. నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు నడిచి దురాన్స్ అనే పెద్ద నదిలో కలుస్తుంది. నడుమ కాస్తెలాన్ ఊరు దాటాక సున్నపురాతి పీఠభూమి అడ్డం వచ్చింది. అదంతా డైనోసార్లు తిరిగిన కాలంలో వెచ్చని సముద్రపు అడుగు. గవ్వలు, పగడాలు, చిన్నచిన్న జీవుల పెంకులు పొరలుపొరలుగా పడి రాయి అయ్యాయి. తర్వాత ఆల్ప్స్ లేచినప్పుడు ఈ పొరలూ వాటితో లేచాయి. నేల లేస్తూ ఉంటే నది కోస్తూ ఉంది. దానికి తోడు వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడు కలుపుకుని, అంటే కొంచెం సోడానీరు లాగా మారి, రాయిని కరిగిస్తూ వచ్చింది. మన ఇళ్ళలో నీళ్ళు కాచే గిన్నెకు తెల్లగా పట్టే పొర ఇదే కథకు తోక. కరిగిన రాయి తిరిగి రాయి కావడం అది.

దీన్ని అక్కడివారు ‘ఐరోపా గ్రాండ్ కాన్యన్’ అంటారు. మన గండికోటను ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అంటున్నారు కదా. ప్రతి లోయకూ అమెరికా పేరు తగిలించడం నాకు నచ్చదు గాని, రెంటినీ చూసినవాడిగా ఒక తేడా చెప్పగలను. గండికోట దగ్గర పెన్న కోసింది ఇసుకరాతిని, గట్టి క్వార్ట్‌జైటును. అందుకే అక్కడ రాళ్ళు పలకలు పేర్చినట్టు, ఎర్రగా, మూలలు తేలి ఉంటాయి. వెర్దోన్ గోడలు బూడిద, తెలుపు, అక్కడక్కడ పసుపు. నున్నగా జారినట్టుంటాయి. నిండా గుహలు, బొరియలు. నీటిరంగు మాత్రం వర్ణించడం కష్టం. నెమలి మెడ గుర్తు తెచ్చుకోండి, దానిలో కొంచెం పాలు కలపండి.

ఈ ప్రాంతమంతా 1997 నుంచి ‘ప్రాంతీయ ప్రకృతి ఉద్యానం’. మనం నేషనల్ పార్కు అనగానే గేటు, టిక్కెట్టు, లోపల ఎవరూ ఉండకూడదు అనుకుంటాం. ఈ రకం పార్కు అలాంటిది కాదు. లోపల ఊళ్ళున్నాయి, గొర్రెల మందలున్నాయి, లావెండర్ పొలాలున్నాయి, బడులున్నాయి. ఊళ్ళ పంచాయతీలన్నీ కలిసి ఒక కట్టుబాటు రాసుకుని దాని ప్రకారం నడుచుకుంటాయి. అడవిని కాపాడాలంటే ముందు అక్కడి మనిషిని బయటికి పంపాలనే ఆలోచన మన దగ్గర ఇంకా బలంగా ఉంది. వాళ్ళ పద్ధతిలో ఇబ్బందులు లేకపోలేదు, వేసవిలో కార్ల రద్దీ చూస్తే భయం వేస్తుంది. అయినా చూడదగ్గ పద్ధతి.

లోయ పైనుంచి కారులో చుట్టి, ఆగినచోటల్లా ఫొటో తీసుకుని వచ్చేయవచ్చు. చాలామంది చేసేది అదే. అడుగుకు దిగి నడవాలంటే పేరున్న దారి ఒకటుంది: ‘బ్లాన్–మార్తెల్ బాట’. మార్తెల్ పారిస్ మనిషి. గుహల శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడని పేరు. 1905 ఆగస్టులో నీటి వనరుల పరిశీలనకని వచ్చి ఈ లోయను మొదటి నుంచి చివరి దాకా దాటాడు. వెంట ఉండి దారి చూపినవాళ్ళలో ఇసిదోర్ బ్లాన్ ఒకడు, పైనున్న రూగోన్ అనే పల్లెలో బడిపంతులు. బాటకు చాలాకాలం మార్తెల్ పేరొక్కటే ఉండేది, పంతులుగారి పేరు తర్వాత చేరింది. ఇప్పుడు బోర్డుల మీద పంతులుగారిదే ముందు. నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషిని కనుక నాకు అది చూడగానే సంతోషం వేసింది.

అయితే వాళ్ళకు ముందు ఆ లోయ ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు బుయీ అనే గట్టి చెట్టు దుంగల కోసం, వేళ్ళ కోసం తాళ్ళు కట్టుకుని అడుగుకు దిగేవారు. ఎగ్విన్ అనే ఊళ్ళో ఆ కర్రతో బంతులు తరిణె పట్టేవారు. ఆడవాళ్ళు కూర్చుని ఆ బంతుల నిండా ఇనుప మేకులు చేపపొలుసుల్లా కొట్టేవారు. పుదుచ్చేరిలో ఇప్పటికీ ఆడే పెతాంక్ ఆటకు వాడే ఇనుప గుళ్ళకు ముందు ఆడింది ఆ మేకుల బంతులతోనే. పూర్తి ఇనుప గుళ్ళు రాగానే ఆ పని పోయింది. మార్తెల్ పేరు పుస్తకాల్లో ఉంది, ఆ ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఇక నడక. మొత్తం సుమారు పదిహేను కిలోమీటర్లు, మామూలు వాళ్ళకు ఆరేడు గంటలు. మాలీన్ అనే చోట దిగడం, పువాన్ సుబ్లీమ్ అనే చోట పైకి రావడం. ఆ రెండు చివర్ల మధ్య బయటికి వచ్చే మంచి దారి లేదు. మొదలుపెడితే పూర్తి చెయ్యాలి, లేదంటే వచ్చినదారే. అందుకని కారు పువాన్ సుబ్లీమ్ దగ్గర పెట్టి, ముందురోజే మాట్లాడుకున్న టాక్సీలో మాలీన్ చేరాం. అప్పుడు ఉదయం ఎనిమిది.

మాలీన్ దగ్గరే ఒక బోర్డు. పరుగెత్తుతున్న మనిషి బొమ్మ, వెనక అల బొమ్మ. లోయకు ఎగువన రెండు ఆనకట్టలున్నాయి, కాస్తియోన్, షొదాన్ అని. విద్యుత్తు అవసరమైనప్పుడు నీళ్ళు వదులుతారు. ఎండ కాస్తూ, ఆకాశంలో మబ్బు తునక లేకుండానే నది ఉన్నట్టుండి పెరుగుతుంది. అందువల్ల నది మధ్య రాళ్ళమీదికి వెళ్ళకూడదు, అవతలి ఒడ్డుకు దాటకూడదు. ఇది చదివి మా ఆవిడ నావైపు చూసిన చూపులో ‘మార్సెయ్‌లో సముద్రం బాగానే ఉంది కదా’ అన్న అర్థం ఉంది. ఆవిడకు అరవై రెండేళ్ళు. మోకాలు ఒకటి అప్పుడప్పుడు మొరాయిస్తుంది.

దిగడం అడవిలోంచి, మలుపులు మలుపులుగా. బుయీ పొదలు, ఒకరకం సింధూర చెట్లు, నీడ. గంట పైచిలుకు దిగాక నది మాటలు వినిపించాయి, తర్వాత నది కనిపించింది. గులకరాళ్ళ మీద కూర్చుందామని నేను సంచీ దించబోతుంటే మేనకోడలు అంది, “అక్కడ కాదు మావయ్యా, ఈ గట్టు మీదికి రండి. నీళ్ళు వస్తే సంచీ తీసుకునే టైము కూడా ఉండదు.” ఆమె నర్సు. జాగ్రత్తలు ఆమె వృత్తిలో భాగం.

ఆర్తూబీ అనే వాగు వచ్చి వెర్దోన్‌లో కలిసేచోటు మెస్క్లా. అక్కడికి పక్కదారి ఉంది. చూడదగ్గదే అంటారు కాని మాకు ముందున్న పనికి మోకాళ్ళు దాచుకోవాలని వదిలేశాం.

ఆ పని పేరు బ్రెష్ ఆంబేర్. కొండ కత్తితో చీల్చినట్టు రెండుగా విడిన చోటు. అంతదాకా బాట ఎక్కి వెళుతుంది. అవతలి వైపు నేల ఉండదు, ఇనుప మెట్లుంటాయి. రెండువందల యాభై రెండు. వరుసగా కాదు, ఆరు నిచ్చెనలుగా, ఒకటి దిగితే ఇంకొకటి. పక్కన పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. మెట్ల మధ్య సందుల్లోంచి కింద ఏముందో, ఎంత దూరాన ఉందో అంతా కనిపిస్తుంది.

మా ఆవిడ పైమెట్టు దగ్గర ఆగిపోయింది. తిరుమల కొండ రెండుసార్లు నడిచి ఎక్కిన మనిషి. కాని అక్కడ రాతిమెట్లు, పక్కన జనం, పైన దేవుడు. ఇక్కడ జల్లెడలాంటి ఇనుము. “నావల్ల కాదు” అంది. ఆ మాట ఆవిడ నోట నేను ముప్ఫై ఎనిమిదేళ్ళలో వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని సార్లు విన్నాను. వెనక్కి వెళ్ళాలంటే రెండున్నర గంటలు, చివర నిట్టనిలువు ఎక్కుడు. కారేమో అవతలి కొసన ఉంది. వెనక నుంచి నలుగురు జర్మన్లు వచ్చి నిలబడ్డారు. మేం పక్కకు తప్పుకుని వాళ్ళను పోనిచ్చాం.

నేను ఏమీ అనలేదు. అలాంటప్పుడు మొగుడు ఇచ్చే ధైర్యం పనికిరాదు, పైగా కోపం తెప్పిస్తుంది. మేనకోడలు మాత్రం ఉద్యోగపు గొంతుతో చెప్పింది. “అత్తయ్యా, వెనక్కి తిరిగి దిగండి, అటకమీంచి దిగినట్టు. మెట్టు మాత్రమే చూడండి. నేను మీకంటే రెండు మెట్లు కింద ఉంటాను, మీ పాదం నేను పెడతాను. వద్దనుకుంటే చెప్పండి, ఇప్పుడే అందరం వెనక్కి పోదాం. మొదటి నిచ్చెన దిగాక మాత్రం ఆ మాట అనకూడదు.”

ఆవిడ ఒక నిమిషం ఆలోచించింది. చీరకొంగు కాదు, ఆ రోజు వేసుకున్న చున్నీ నడుముకు బిగించింది. వెనక్కి తిరిగింది.

మనవడు అందరికంటే ముందు దిగుతూ గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం తక్కువ. అరవై తొమ్మిది దాకా తెలుగులోనే లెక్కపెట్టాడు. అక్కడ తడబడి ఫ్రెంచిలోకి దూకాడు. ఫ్రెంచిలో డెబ్బైని ‘అరవై పది’ అంటారు, ఎనభైని ‘నాలుగు ఇరవైలు’ అంటారు. పైనుంచి మా ఆవిడ, కళ్ళు మెట్టు మీంచి తియ్యకుండానే, “నాలుగిరవైలేంట్రా, మా నాయనమ్మా అలాగే లెక్కపెట్టేది, వంద దాటేది కాదు” అంది. గొంతులో వణుకు ఉంది, కాని మాట వచ్చింది. ఆ తర్వాత వాళ్ళిద్దరే లెక్క. వాడు ఫ్రెంచిలో అనడం, ఆవిడ తెలుగులో తిప్పడం. కింది నుంచి ఎక్కివస్తున్న ఒక జంట మధ్య అరుగు దగ్గర ఆగి దారి ఇచ్చారు, వాళ్ళూ వాడితో కలిసి రెండు మూడు అంకెలు అన్నారు. రెండువందల యాభై రెండో మెట్టు దగ్గరికి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. మామూలుగా పది చాలు.

ఆవిడ నేలమీద కూర్చుని బూట్లు విప్పి అరగంట కదల్లేదు. మేం అక్కడే, నీటికి బాగా ఎత్తున, యానాం పద్ధతిలో కాల్చిన మినపరొట్టి, ఆవకాయ తిన్నాం. ఎదురుగా ఎస్కలెస్ అనే గోడ. నిలువున మూడువందల మీటర్లు ఉంటుంది. దానిమీద చీమల్లా కొండెక్కేవాళ్ళు. ఆ ఆటకు ఇది ప్రపంచంలో పేరుపొందిన గోడల్లో ఒకటి. వాళ్ళను చూశాక మా ఆవిడ తన నిచ్చెనల గురించి గొప్ప చెప్పుకోవడం కొంచెం తగ్గించింది.

మధ్యాహ్నం నడక తేలిక. నది పక్కనే, ఎక్కుతూ దిగుతూ. చివర్లో సొరంగాలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ లోయ నీటిని మళ్ళించి విద్యుత్తు తియ్యాలని తొలిచి, పూర్తి చెయ్యకుండా వదిలేసినవి. బావూ సొరంగం ఆరువందల డెబ్బై మీటర్లు. లోపల చిమ్మచీకటి, చల్లదనం, కాళ్ళకింద నీటిగుంటలు. టార్చిలైటు లేకుండా అడుగు వెయ్యలేం. మధ్యలో గోడకు ఒకచోట కిటికీలా కన్నం, అందులోంచి పచ్చని నది ఒక్క క్షణం. ఆ ప్రాజెక్టు పూర్తయి ఉంటే మనం చూసే నది ఈ చీకట్లో పారుతూ ఉండేది, పైన లోయ ఎండి ఉండేది.

నీటి పథకం ఆగినచోట లోయ మిగిలింది, సాగినచోట ఊరు పోయింది. దిగువన సెంత్ క్రువా ఆనకట్ట కట్టి 1973 నుంచి నీరు నింపారు. సుమారు రెండువేల రెండువందల హెక్టార్ల సరస్సు. లె సాల్ అనే పల్లె మొత్తం అందులో మునిగింది. ఇళ్ళు పడగొట్టి, గట్టు మీద అదే పేరుతో కొత్త ఊరు కట్టారు. దేశంలోకెల్లా పెద్ద నీటి ఊటల్లో ఒకటైన ఫోంతెన్ లెవేక్ కూడా ఆ నీటి కిందే ఉంది. మర్నాడు ఆ కొత్త ఊళ్ళో కాఫీ తాగాం. వీధులు తిన్నగా, ఇళ్ళు ఒకే వయసువి. ఊరికి ముసలితనం లేదు. మాచ్‌ఖండ్ జలాపుట్ కింద భూములు పోయిన ఇళ్ళు మన కొరాపుట్ పాఠకుల్లో కొన్నిటికి తెలుసు. శ్రీశైలం నీటిలో మునిగిన కూడలి సంగమేశ్వరం గుడిని రాయిరాయిగా విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. గుడిని అలా మొయ్యగలిగారు, ఊరిని మొయ్యడం ఎవరికీ చేతకాలేదు. ఇంత చేసినా 2022 వేసవి కరువులో ఆ సరస్సు ఎంత దిగిపోయిందంటే, లోయ ముఖద్వారంలోకి పడవలు వెళ్ళనివ్వకుండా ఆపవలసి వచ్చింది.

సొరంగాలు దాటి, సాంసోన్ సందు అనే ఇరుకు దగ్గర తేలాం. అక్కడి నుంచి పువాన్ సుబ్లీమ్‌కి ఎక్కుడు, ఆ పూటకి అదొక శిక్ష. పైకి చేరేసరికి అయిదు కావస్తోంది. రాబందులు గూళ్ళకు తిరిగివస్తున్న వేళ. ఏడెనిమిది కనిపించాయి, ఒకటి మా తలలకు సమానంగా, రెక్క ఆడించకుండా పోయింది. గ్రిఫాన్ రాబందు రెక్కలు చాస్తే రెండున్నర మీటర్లు. ఈ కొండల్లో ఎప్పుడో అంతరించిపోతే, 1999 నుంచి రూగోన్ దగ్గర తెచ్చి వదిలారు. ఇప్పుడు అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతున్నాయి. చచ్చిన గొర్రెలను కాపరులు వాటికి వదులుతారు, కాపరికి పూడ్చే ఖర్చు తప్పుతుంది.

మా చిన్నప్పుడు బరంపురం పొలిమేరలో రాబందులు గుంపులుగా దిగేవి, అసహ్యించుకునేవాళ్ళం. 1990లలో మన దేశమంతా నూటికి తొంభై అయిదుకు పైగా చచ్చిపోయాయి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు కారణమని 2004లో తేలింది. ఆ మందు ఉన్న కళేబరం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద కొన్ని గూళ్ళు ఉన్నట్టు 2013లో కనుగొన్నారు. మనవడికి జటాయువు కథ వాళ్ళమ్మ చెప్పిందట. “అదేనా తాతయ్యా?” అన్నాడు. అదే అన్నాను.

వెళ్ళదలచుకున్నవారికి: ఏప్రిల్ చివర నుంచి జూన్, లేదా సెప్టెంబరు మంచిది. జులై, ఆగస్టుల్లో ఎండా జనమూ రెండూ భరించలేం, అడవి మంటల భయంతో దారులు మూసే రోజులుంటాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, మడమ పట్టే బూట్లు, తలకు కట్టుకునే లైటు తప్పనిసరి. చెప్పులతో దిగవద్దు. టాక్సీ ముందురోజే చెప్పుకోవాలి. దారి తెరిచి ఉందో లేదో లా పాలూ ఊళ్ళో సమాచార కేంద్రంలో అడిగి కదలండి. మోకాళ్ళు సహకరించనివారు సాంసోన్ సందు వైపు నుంచి మొదటి సొరంగం దాకా వెళ్ళి వెనక్కి రావచ్చు, లోయ అడుగు ఎలా ఉంటుందో తెలుస్తుంది. నిచ్చెనల సంగతి అడగాలనుకునే ఆడవాళ్ళు నాకు కాక మా ఆవిడకే ఉత్తరం రాయండి. ఆవిడ ఇప్పుడు ఆ విషయంలో నిపుణురాలు.